ఫోటోలను దిద్దు విద్య: ఇంటర్నెట్టులో సహాయము పొందు మార్గములు

గోరంట్లలోని ఫోటో స్టూడియోలకు, డి.టి.పి. సెంటర్లకు చుట్టుపట్ల గ్రామములనుండి వచ్చువారి అవసరములు పలు విధములు. ఉద్యోగ పరీక్షకు దరఖాస్తు పెట్టు యువకునికి కొలతకు తగ్గించిన ఫోటో కావలెను. పెండ్లివారికి ఆల్బము కావలెను. జాతరకు ఫ్లెక్సీ కావలెను. "అన్నా, మా నాయన బొమ్మ ఇదొక్కటే ఉండేది, పెద్దగా చేసియ్యి" అని ఓటరు కార్డు చేతికిచ్చు కుటుంబములును గలవు. ఇవి యన్నియు ఒకే విద్యలోని శాఖలు. తీసిన ఫోటోను కంప్యూటరు మీదగాని, సెల్‌ఫోనులోగాని కత్తిరించి, వెలుగు సరిచేసి, మచ్చలు తుడిచి, కావలసిన కొలతకు తెచ్చు ఈ పనిని ఫోటో ఎడిటింగు అనుచున్నారు.

ఈ విద్యను నేర్పు పాఠములు నేడు ఇంటర్నెట్టులో ఉచితముగా, కొల్లలుగా నున్నవి. అయినను గ్రామములోని యువకునికి అవి అందుట లేదు. పాఠము లేక కాదు. ఏమని అడుగవలెనో, దొరికినదానిలో ఏది నమ్మవలెనో తెలియక. ఈ లోటును తీర్చుట పెద్ద వ్యయముతో కూడిన పని కాదు గనుక పంచాయతీ సభ్యులు ఈ విషయమును కొంత వివరముగా తెలిసికొనుట మంచిది.

గోరంట్ల ప్రాంతము 2022 ఏప్రిల్ 4వ తేదీ వరకు అనంతపురము జిల్లాలో నుండి, ఆనాడు ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. జిల్లా మారినది గాని వాన మారలేదు. ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే ఎరిగిన ఈ పీఠభూమిలో వేరుసెనగ తప్పిన యేడు యువకులు బెంగుళూరు బస్సు ఎక్కుట వాడుకయైపోయినది. ఫోటోలు దిద్దు పనికి వాన అక్కరలేదు, బోరు అక్కరలేదు. అట్లని ఈ విద్య నేర్చిన ప్రతివానికిని బ్రతుకుతెరువు దొరకునని చెప్పుట అతిశయోక్తి యగును. ఒక మండల కేంద్రములో నాలుగైదు స్టూడియోలు నిలద్రొక్కుకొనగలవేమో గాని నలుబది నిలువలేవు. కాని తన దరఖాస్తు ఫోటోను తాను సరిచేసికొనుట, తన చేనేత చీర ఫోటోను కొనువారికి నచ్చునట్లు పంపుట, స్వయం సహాయక సంఘము తయారుచేయు సరుకుకు చక్కని చీటీ వేసికొనుట - ఇవి ఊరిలో ఎందరికైనను పనికివచ్చును.

చిన్న ఉదాహరణము చూతము. బ్యాంకు ఉద్యోగముల పరీక్షలు జరుపు ఐ.బి.పి.యస్. అను సంస్థ తన దరఖాస్తులలో, ఫోటో 20 నుండి 50 కిలోబైట్ల లోపున, సంతకము 10 నుండి 20 కిలోబైట్ల లోపున ఉండవలెనని అడుగుచు వచ్చినది. సెల్‌ఫోనుతో తీసిన ఫోటో మూడు, నాలుగు మెగాబైట్లు, అనగా అడిగినదానికి అరువది, ఎనుబది రెట్లు, ఉండును. తగ్గించుట తెలియనివాడు తుది దినమున గోరంట్లకు పరుగెత్తి, సెంటరులో వరుసలో నిలిచి, కరెంటు పోయినచో అవకాశమునే పోగొట్టుకొనును. తెలిసినవానికి ఇది రెండు నిమిషముల పని.

పూర్వము ఈ విద్య స్టూడియోలో గురువు ప్రక్కన కూర్చుండి నేర్చునట్టిది. ఫోటోను దిద్దుట కంప్యూటరుతో పుట్టినది కాదు. నెగెటివు మీద సన్నని పెన్సిలుతో ముఖములోని గుంటలు పూడ్చుటను "టచింగ్" అనెడివారు; నలుపు తెలుపు బొమ్మలకు చేతితో రంగులు వేయువారును ఉండిరి. శిష్యునికి గురువు చేయి కనబడుచుండెను. తప్పుచేసినచో అక్కడికక్కడే మందలింపు దొరకెడిది. ఇంటర్నెట్టులో గురువులు వేలమంది. మందలించువాడు మాత్రము లేడు. శిష్యుడే తన తప్పును మాటలలో పెట్టి అడుగవలెను. చిక్కు అంతయు ఇచ్చటనే యున్నది.

మొదట పనిముట్టు ఎన్నుకొనవలెను

ఫోటోషాప్ అను పేరు అందరు వినినదే. 1990లో అడోబీ సంస్థ విడుదల చేసిన ఈ సాఫ్టువేరు స్టూడియోలలో ప్రమాణముగా నిలిచినది. 2013 తరువాత అది నెలసరి లేక వార్షిక చందాపై ఇయ్యబడుచున్నది. చందా కట్టలేక దొంగ ప్రతిని ఎక్కించుకొనుట చాలచోట్ల జరుగుచున్నది. అట్టి ప్రతులతో బాటు వైరసులు ప్రవేశించి, ఆల్బముల ఫోటోలన్నియు తెరువరాకుండ తాళము వేసి, డబ్బు అడుగు మోసములు కలవు. కావున నేర్చుకొనువాడు దొంగ ప్రతితో ఆరంభింపరాదని మా అభిప్రాయము. చట్టము మాట అటుంచినను, పెండ్లివారి ఫోటోలు పోయినచో మరల తీయుటకు వీలు లేదు గదా.

ఉచితమైనవి మంచివి కలవు. గింప్ అను సాఫ్టువేరును అమెరికాలోని బర్క్లీ విశ్వవిద్యాలయమున చదువుచుండిన ఇరువురు విద్యార్థులు 1995లో ప్రారంభించిరి. తరువాత ప్రపంచమందలి స్వచ్ఛంద కార్యకర్తలు దానిని పెంచి, 2025 మార్చిలో మూడవ తరపు రూపమును, అనగా 3.0ను, విడుదల చేసిరి. దీనికి వెల లేదు. ఎన్ని యంత్రములకైనను ఎక్కించుకొనవచ్చును. మిక్కిలి శక్తిగల కంప్యూటరు కూడ అవసరము లేదు. ఇక ఫోటోపీ అనునది యంత్రమున ఎక్కింపనక్కరలేకయే బ్రౌజరులో తెరచుకొనును. చూచుటకు ఫోటోషాపును పోలియుండును. ప్రకటనలు వచ్చుచుండును గాని, తెరచిన ఫోటో మన యంత్రములోనే దిద్దబడును గాని వేరొక చోటికి పంపబడదు. కంప్యూటరు లేనివారు సెల్‌ఫోనులో గూగుల్ వారి స్నాప్‌సీడ్‌ను వాడుకొనవచ్చును. అదియు ఉచితము.

వీనిలో ఏది మంచిదని నెలలకొలది వాదించుకొను యువకులు గలరు. ఏదో ఒకటి పట్టి మూడు మాసములు దానినే వాడుట మేలు. ఒకదాని పాఠము చూచి మరియొకదానిలో మీట వెదకువాడు అలసిపోయి మానుకొనును. ఫోను మాత్రమే ఉన్నవాడు స్నాప్‌సీడ్‌తో, కంప్యూటరు దొరకువాడు గింప్‌తో మొదలిడిన చాలును.

పాఠములు దొరకు చోట్లు

బొంబాయి ఐ.ఐ.టి. వారు భారత ప్రభుత్వ సహాయముతో నడుపుచున్న స్పోకెన్ ట్యుటోరియల్ అను పథకము గ్రామీణ విద్యార్థికి మిక్కిలి అనువైనది. ఒక్కొక్క పాఠము సుమారు పది నిమిషముల వీడియో. తెరపై పని జరుగుచుండగా ప్రక్కన కంఠము వివరించుచుండును. చూచువాడు వీడియోను ఆపి, తన యంత్రముపై అదే పని చేసి, మరల ముందుకు సాగవలెనని దాని పద్ధతి. గురువు లేకయే నేర్చుకొనువానికొరకే ఇది కూర్పబడినది. ఇందు గింప్ పాఠముల వరుస కలదు. ఈ పథకములోని పాఠములు అనేకము తెలుగుతో సహా భారతీయ భాషలలోనికి మార్చబడినవి. పాఠము ఎన్నుకొనుచోట భాషల పట్టిక యుండును; తెలుగు ఉన్నదో లేదో అచట చూచుకొనవచ్చును. పాఠములను దింపుకొని దాచుకొనుట అనుమతింపబడినది గనుక, సిగ్నలు సరిగా అందని ఊరిలో ఒకమారు దింపి పదిమందికి చూపవచ్చును. ఈ పాఠములలో కొన్ని గింప్ పాత రూపమునకు చేసినవి. మీటలు కొన్ని స్థానము మారియుండును గాని సూత్రము మారదు.

గింప్‌కు దాని స్వంత గ్రంథము కలదు. పని నడుమ కీబోర్డుపై ఎఫ్1 మీట నొక్కినచో ఆ గ్రంథము తెరచుకొనును. ఏటవాలు గీత మీట నొక్కినచో వెదకు పెట్టె వచ్చును; అందు పని పేరు వ్రాసిన చాలును, ఏ మెనూలో దాగియున్నదో వెదకనక్కరలేదు. ఈ రెండు మీటల సంగతి తెలియకనే చాలమంది యూట్యూబునకు పరుగెత్తుదురు.

యూట్యూబులో తెలుగు పాఠములు చాల గలవు. మంచివియు గలవు, కేవలము గొప్ప చూపుకొనునవియు గలవు. గుర్తుపట్టుట ఎట్లన్న, మంచి పాఠములో గురువు ఏ మీట నొక్కుచున్నాడో కనబడును, ఎందుకు నొక్కుచున్నాడో చెప్పును, దిద్దకముందు బొమ్మను, దిద్దిన పిదప బొమ్మను ప్రక్కప్రక్కన చూపును. సంగీతము మ్రోగించి, వేగముగా తెర త్రిప్పి, చివర "పూర్తి విద్యకు ఈ నంబరునకు డబ్బు పంపుడు" అనునది పాఠము కాదు, ప్రకటన. ఇంగ్లీషు పాఠమైనచో కంప్యూటరులో వీడియో క్రింద అక్షరములు కనబడునట్లు చేసి, వానిని తెలుగులోనికి మార్చు ఏర్పాటును ఎన్నుకొనవచ్చును. ఆ యంత్రానువాదము అక్కడక్కడ నవ్వు పుట్టించునట్లుండును గాని, చేయి కదలిక కనబడుచుండును గనుక పని జరుగును.

తెలుగు అక్షరముల చిక్కు ప్రత్యేకముగా చెప్పదగినది. ఫ్లెక్సీపై "లక్ష్మి" అని వ్రాయబోగా వత్తులు విడిపోయి దూరముగా పడుట మన సెంటర్లలో నిత్యము కనబడునదే. అనేకులు ఈ కారణముననే పాత అను ఫాంట్లను విడువలేకున్నారు. కాని ఆ ఫాంట్లతో వ్రాసినది వేరొక యంత్రమున అర్థము లేని ఇంగ్లీషు అక్షరములుగా కనబడును. ఫోటోషాపు పాత రూపములలో ప్రిఫరెన్సులలోని టైపు విభాగమున దక్షిణాసియా భాషల అమరికను ఎన్నుకొనినచో యూనికోడు వత్తులు సరిగా కూర్చుండును. గింప్‌లో ఈ చిక్కే లేదు. ఫాంట్ల విషయములో అమెరికాలోని మన తెలుగువారి సంస్థ సిలికానాంధ్ర చేసిన ఉపకారము స్మరింపదగినది. మండలి, రామభద్ర, సురన్న, గురజాడ, తెనాలి రామకృష్ణ మున్నగు పేర్లతో వారు అందించిన యూనికోడు ఫాంట్లు ఎవరైనను ఉచితముగా దింపుకొని వ్యాపారమునకును వాడుకొనవచ్చును. గూగుల్ ఫాంట్లు అను చోట ఇవి దొరకును. గ్రామసభ ప్రకటనకు ఇవి చాల శోభనిచ్చును.

అడుగు పద్ధతి

పాఠము చూచుచు పోవునపుడు ఎక్కడనో బండి ఆగును. అప్పుడు ఇంటర్నెట్టులో ప్రశ్న అడుగవలసి వచ్చును. "ఫోటో సరిగా రాలేదు, సహాయము చేయండి" అని అడిగినవానికి జవాబు రాదు. వైద్యుని యొద్దకు పోయి "ఒంట్లో బాగులేదు" అని ఊరకున్నట్లుండును. ఏ పనిముట్టు వాడుచున్నాడు, దాని ఎన్నవ రూపము, ఏమి చేయదలచెను, ఏ మీట నొక్కెను, ఏమి జరిగెను - ఈ ఐదు సంగతులు చెప్పినచో సగము జవాబు ప్రశ్నలోనే దొరకును. తెర బొమ్మను, అనగా స్క్రీన్‌షాటును, జతపరచినచో మిగిలిన సగమును దొరకును.

మరల మన దరఖాస్తు ఫోటోను తీసికొందము. యువకుడు గింప్‌లో ఫోటోను చక్కగా తగ్గించి సేవ్ చేసెను. వెబ్‌సైటు దానిని అంగీకరింపలేదు. "వెబ్‌సైటు పనిచేయుట లేదు" అని వెదకినచో వేయి సంబంధము లేని జవాబులు వచ్చును. "గింప్ 3.0లో సేవ్ చేసిన ఫోటో ఎక్స్.సి.యఫ్. అని వచ్చినది, జె.పి.జి. కావలెను" అని వెదకినచో మొదటి జవాబులోనే తెలియును: గింప్‌లో సేవ్ అనునది పని నడుమ దాచుకొనుటకు మాత్రమే, బయటికి పంపు ఫోటోను ఫైల్ మెనూలోని ఎక్స్‌పోర్ట్ యాజ్ ద్వారా తీయవలెను. కొలత తగ్గించుటకు ఇమేజ్ మెనూలోని స్కేల్ ఇమేజ్. ఎక్స్‌పోర్టు చేయునపుడు నాణ్యత అను జారుడు గీతను కొంచెము కొంచెము తగ్గించినచో కిలోబైట్లు దిగివచ్చును. మూలమైన ఫోటోను మాత్రము ముట్టక వేరుగా దాచవలెను. జె.పి.జి.ని తెరచి మార్చి మరల దాచినప్పుడెల్ల కొంత నాణ్యత పోవుచుండును.

సాంకేతిక పదములు ఇంగ్లీషులో తెలియకపోవుటయే వెదకువారికి పెద్ద ఆటంకము. బొమ్మ అంచులు కోయుట క్రాప్, మచ్చను ప్రక్కనున్న చర్మముతో పూడ్చుట హీల్, ఒక భాగమును మరియొక చోట అచ్చొత్తుట క్లోన్, రంగులలోని పసుపును నీలిని సరిచేయుట వైట్ బ్యాలెన్స్, ఒకదానిపై నొకటి పరచిన పారదర్శక కాగితముల వంటివి లేయర్లు. ఈ ఐదారు మాటలను ఇంగ్లీషు అక్షరములలో వ్రాయనేర్చి, వానికి పనిముట్టు పేరు జతచేసినచో తొమ్మిది ప్రశ్నలకు ఏడు తీరును. పంచాయతీ కార్యాలయపు గోడపై, లేక గ్రంథాలయములో, ఈ మాటల పట్టిక నొకదానిని అంటించినను ఎంతో ఉపకారము.

కృత్రిమ మేధతో పనిచేయు సంభాషణ యంత్రములను తెలుగులోనే ప్రశ్నించు సౌకర్యము ఇటీవల వచ్చినది. ఇవి ఓపికగా జవాబు చెప్పును. కాని లేని మెనూను ఉన్నట్లు ధైర్యముగా చెప్పుటయు వీనికి అలవాటే. చెప్పిన మీట తెరపై కనబడనిచో, తన కన్ను లోపమనుకొనక, ఎఫ్1 నొక్కి అసలు గ్రంథమును చూడవలెను.

నాయన బొమ్మ

ఓటరు కార్డుతో వచ్చిన కుటుంబపు సంగతికి వత్తము. ఇంటిలో పటము లేని వాని బొమ్మను సంపాదించుట ఆ ఇంటివారికి చిన్న విషయము కాదు. స్టూడియో కుర్రవాడు వారికి ఏమి చేయగలడో, ఏమి చేయలేడో తెలిసియుండుట న్యాయము.

కంప్యూటరు ఫోటో అనునది చుక్కల సముదాయము. అంగుళము వెడల్పుగల చిన్న బొమ్మను అంగుళమునకు 300 చుక్కల చొప్పున స్కాన్ చేసినచో అడ్డముగా 300 చుక్కలే వచ్చును. దానిని పది అంగుళముల పటమునకు సాగదీసినచో అంగుళమునకు 30 చుక్కలు మాత్రమే మిగిలి, ముఖము గళ్ళ దుప్పటివలె కనబడును. అదే బొమ్మను అంగుళమునకు 1200 చొప్పున స్కాన్ చేసినచో పటములో అంగుళమునకు 120 చుక్కలుండి, కొంత దూరమునుండి చూచుటకు చక్కగానే యుండును. కావున సెల్‌ఫోనుతో కార్డును ఫోటో తీయుటకన్న స్కానరుపై ఎక్కువ చుక్కలతో తీయుట మేలు. అయితే కార్డుపై అచ్చయిన బొమ్మలోనే వివరము తక్కువ. లేని వివరమును స్కానరు పుట్టింపలేదు. నిజమైన ఫోటో కాగితముపై నున్న పాత పాస్‌పోర్టు ఫోటో దొరకినచో కార్డుకన్న అనేక రెట్లు మేలు. నెగెటివు దొరకినచో ఇక చెప్పనక్కరలేదు. పటము కట్టించుటకు ముందు పాత పెట్టెలు, బంధువుల పెండ్లి ఆల్బములు, బ్యాంకు పాసుపుస్తకములు ఒకమారు వెదకుడని ఆ కుటుంబమునకు చెప్పువాడే మంచి పనివాడు.

నేడు కృత్రిమ మేధతో మసక ముఖములను స్పష్టపరచు యంత్రములు వచ్చినవి. ఒక మీట నొక్కగానే కన్నులు మెరయును, మీసము దట్టమగును. చూచుటకు అద్భుతమే. కాని ఆ యంత్రము ఆ మనుష్యుని ఎరుగదు. లక్షలాది ముఖములను చూచి, ఇట్లుండవచ్చునని ఊహించి క్రొత్త ముఖమును అతుకును. పటము ఇంటికి పోయిన పిదప ముసలమ్మ దానిని చూచి "ఈయన మా ఆయన కాదు" అన్నచో చేయునదేమున్నది? ఈ యంత్రమును వాడినను, ఆ బొమ్మను అసలుదానిపై ఒక పొరగా ఉంచి, కన్నులు ముక్కు నోరు అసలునుండియే కనబడునట్లు పలుచపరచి, ఇంటివారికి తెరపై చూపి, వారు ఔనన్న పిదపనే అచ్చు తీయవలెను. లేయర్లు నేర్చినవానికి ఇది సాధ్యము.

దిద్దదగినవి, దిద్దరానివి

పంచాయతీ సభ్యులకు నేరుగా సంబంధించిన భాగమిది. పెండ్లి ఫోటోలో మచ్చ తుడుచుట సొంపు. పని జరిగినట్లు రుజువుగా పంపు ఫోటోలో గీత యొకటి మార్చినను అది కూటరచన.

జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకము 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురము జిల్లాలోని బండ్లపల్లి గ్రామముననే ప్రారంభింపబడిన సంగతి సభ్యులకు తెలిసినదే. ఆ పథకములో కూలీల హాజరును, స్థలము వేళ తెలియజేయు ఫోటోలతో సెల్‌ఫోను ద్వారా నమోదుచేయు పద్ధతి 2021లో ఆరంభమై, 2023 జనవరి 1 నుండి అన్ని పనిచోట్లకును తప్పనిసరి చేయబడినది. 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ రాష్ట్రములకు పంపిన సర్క్యులరులో, పనితో సంబంధము లేని ఫోటోలను ఎక్కించుట, నిజమైన మనుష్యులకు మారుగా ఒక ఫోటోను మరల ఫోటో తీయుట మున్నగు అక్రమములు పేర్కొనబడినవి. ఆ చట్టము స్థానమున 2025 డిసెంబరులో పార్లమెంటు వేరొక చట్టమును ఆమోదించినది. చట్టము ఏదైనను, ఎండలో మన్ను త్రవ్విన కూలివాని దినభత్యము ఒక ఫోటోపై ఆధారపడియున్నపుడు, ఆ ఫోటో చెడినచో చెడునది అతని కూడు. చేయని పని చేసినట్లు బొమ్మ కల్పించినచో, పోవునది ఊరి సొమ్ము.

2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలోని 336వ సెక్షను ఎలక్ట్రానిక్ పత్రములను కల్పించుటను కూడ నేరముగా పేర్కొనుచున్నది. మోసమునకై చేసినచో ఏడు సంవత్సరముల వరకు, ఒకరి పరువుకు భంగము కలిగించుటకు చేసినచో మూడు సంవత్సరముల వరకు ఖైదు విధింపవచ్చును. కావున పనుల ఫోటోలను తీసినవి తీసినట్లే పంపవలెను. చీకటిగా వచ్చినచో దిద్దక మరల తీయవలెను. కార్యాలయపు పుస్తకములో దాచు ప్రతికి వెలుగు సరిచేసికొనినను, అసలు ప్రతిని వేరుగా భద్రపరచవలెను. మా ప్రచార శాఖకు వచ్చు ఫోటోలలో అంచులు కోయుట, వెలుగు పెంచుటకన్న ఎక్కువ చేయుట మాకును ఇష్టము లేదు. లేని జనమును సభలో అతికించినచో పాఠకుడు మరుసటి సంచికను నమ్మడు.

ఒకరి ముఖమును మరియొకరి శరీరమున కూర్చి స్త్రీలను అవమానించు దుష్కార్యములు ఈ విద్య పేరునే జరుగుచున్నవి. అట్టి ఫిర్యాదు వచ్చినచో ఊరిలో పంచాయతీ పెట్టి సర్దుబాటు చేయబోవుట తగదు. ఆ బొమ్మయొక్క స్క్రీన్‌షాటును, వచ్చిన నంబరును, వేళను భద్రపరచి, వెంటనే పోలీసు వారికి తెలుపవలెను. జాతీయ సైబర్ నేరముల పోర్టలులో, పేరు వెల్లడింపకయే, స్త్రీలు పిల్లలకు సంబంధించిన ఇట్టి నేరములను నివేదింపవచ్చును. డబ్బు పోయిన మోసములకు 1930 అను ఫోను నంబరు కలదు. ఎంత త్వరగా తెలిపినచో సొమ్మును అంత త్వరగా నిలుపుటకు వీలుండును. "ఇంటిలో కూర్చుండి ఫోటోలు దిద్దిన దినమునకు వేలు, ముందు పూచీ సొమ్ము కట్టుడు" అని వాట్సాపులో వచ్చు కబుర్లు ఈ కోవలోనివే. పని ఇచ్చువాడు కూలి ఇచ్చును గాని కూలివానియొద్ద డబ్బు పుచ్చుకొనడు.

పంచాయతీ చేయగలిగినది

రాజ్యాంగపు 11వ షెడ్యూలులో పంచాయతీలకు ఉద్దేశింపబడిన 29 అంశములలో సాంకేతిక శిక్షణ, వృత్తివిద్య, వయోజన విద్య, గ్రంథాలయములు ఉన్నవి. ఇంటి పన్నుతో బాటు గ్రంథాలయ సెస్సు వసూలగుచున్నది. ఆ సెస్సు 1960 నాటి గ్రంథాలయముల చట్టము ప్రకారము జిల్లా గ్రంథాలయ సంస్థకు చెందును. ఆ సొమ్మునకు ప్రతిగా తమ శాఖా గ్రంథాలయములో ఒక కంప్యూటరు, ఒక స్కానరు, ఇంటర్నెట్టు కనెక్షను కావలెనని తీర్మానము చేసి పంపుటకు పంచాయతీకి పూర్తి హక్కు గలదు. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో కూడ ఈ అంశమును చేర్చుకొనవచ్చును. అందుకు గ్రామసభలో ఎవరైనను లేచి అడుగవలెను గదా. యువతులు అడుగునట్లు చూచుట సభ్యుల పని. స్టూడియోలో మగపిల్లల నడుమ కూర్చుండి నేర్చుటకు జంకు యువతి గ్రంథాలయములో జంకదు.

కంప్యూటరు వచ్చిన పిదప దానిని బీరువాలో దాచరాదు. వారమునకు రెండు సాయంకాలములు, తాళము చెవి ఎవరియొద్ద నుండునో పేరుతో సహా బోర్డుపై వ్రాసి, తెరచి ఉంచవలెను. స్పోకెన్ ట్యుటోరియల్ పాఠములను, సిలికానాంధ్ర ఫాంట్లను, గింప్‌ను ఒకమారు దింపి ఎక్కించి ఉంచినచో, తరువాత ఇంటర్నెట్టు లేని దినమున కూడ పాఠము ఆగదు. 2019 అక్టోబరు 2న ఆరంభమైన గ్రామ సచివాలయములలో డిజిటల్ అసిస్టెంటు ఉద్యోగము ఏర్పడినది. దరఖాస్తుల ఒత్తిడి లేని వేళ ఆ ఉద్యోగి సలహా తీసికొనవచ్చును గాని, ఆయనకే బోధన భారము కూడ మోపుట ధర్మము కాదు. ఊరిలో ముందుగా నేర్చిన ఇద్దరు యువకులు చాలుదురు.

తెరపై నేర్చినది చాలక, కెమెరా చేతబట్టి గురువు ఎదుట నేర్చుకొనదలచువారికి అనంతపురములోని రుడ్‌సెట్ సంస్థ యున్నది. 1982లో కర్ణాటకమందలి ఉజిరెలో ఆరంభమైన ఈ సంస్థల కోవలో, నిరుద్యోగ యువతకు భోజన వసతులతో ఉచిత శిక్షణ ఇయ్యబడును. ఫోటోగ్రఫీ, వీడియోగ్రఫీ ఆ శిక్షణలలో నొకటి. తరువాతి జట్టు ఎన్నడు మొదలగునో ముందుగా విచారించి, ఆధారు కార్డు, రేషను కార్డు, చదువు పత్రముల నకళ్ళతో దరఖాస్తు పంపవలెను. దరఖాస్తుకు జతపరచు పాస్‌పోర్టు ఫోటోను అభ్యర్థి తానే దిద్దుకొని అచ్చు తీయించుకొనినచో మరియు మంచిది.